గ్లాసెడు నీళ్ళా, లీటరు నీళ్ళా?

ఎండలు ముదిరి, మామిడిపళ్ళ చుట్టూ ఈగలు ముసిరే రోజులు వచ్చాయంటే చాలు, ముషీరాబాద్, చిక్కడపల్లి సందులలో డాక్టర్ల ముందు బెంచీల మీద విరేచనాలవుతున్న పిల్లలే ఎక్కువగా కనిపిస్తారు. తొలకరి పడి మురుగు కాలువలు పొంగాక ఆ బెంచీలు మరింత నిండుతాయి. ఆ పిల్లల్లో చాలామందికి ఖరీదైన మందులేవీ అక్కరలేదు. కావలసింది నీళ్ళూ, లవణాలూ, కాస్త చక్కెర. అయితే వాటికి ఒక లెక్క ఉంది. ఈ వారం చెప్పబోయేది ఆ లెక్క గురించే.

ఒకసారి ఒక తల్లి ఏడాదిన్నర బాబును భుజాన వేసుకొని వచ్చింది. రెండు రోజులుగా నీళ్ళ విరేచనాలు. పిల్లవాడి కళ్ళు లోతుకు పోయాయి. నాలుక ఎండిపోయింది. ముట్టుకుంటే చాలు, ఉలిక్కిపడి గుక్కపట్టి ఏడుస్తున్నాడు. నీళ్ళ గ్లాసు కంటబడితే రెండు చేతులూ చాపుతున్నాడు. పొట్ట మీద చర్మం పట్టి చూస్తే తడిపిన పిండిలా మెత్తగా తగిలింది.

"ఓ.ఆర్.ఎస్. పడుతున్నారా అమ్మా?" అని అడిగాను.

"పడుతున్న సార్. నిన్న పొద్దుమీకి నుంచి గ్లాసున్నర తాగిండు. అయినా దూపకు ఆగుతలేడు" అంది.

"ఎలా కలిపారు?"

"ప్యాకెట్ చింపి గ్లాసు నీళ్ళల్ల పోసిన. జర చిక్కగుంటె జల్ది పనిచేస్తదని."

సంచిలోంచి ఖాళీ ప్యాకెట్ తీసి చూపించింది. అది లీటరు నీళ్ళకు ఉద్దేశించిన పెద్ద ప్యాకెట్. ఆ సంగతి దాని మీద చీమతలకాయంత ఇంగ్లీషు అక్షరాలలో ఉంది.

వెంటనే పెద్దాసుపత్రికి పంపించాను. అక్కడ రక్తపరీక్షలో సోడియం చాలా ఎక్కువగా ఉందని తేలింది. దాన్ని రెండు రోజులపాటు మెల్లమెల్లగా దింపారు. బాబు కోలుకున్నాడు. ఆ తల్లిని మాత్రం నేను తప్పు పట్టలేదు. ప్యాకెట్ మంచిదని ఆమెకు మేమంతా చెప్పాం. అందులో ఉన్న పొడి సగం మందే, నీళ్ళ కొలత మిగతా సగం మందు అని చెప్పినవాళ్ళం తక్కువ.

ఉప్పు నీళ్ళలో పడితే

చిటికెడు ఉప్పు గ్లాసు నీళ్ళలో వేస్తే కరిగి మాయమవుతుంది. కరిగింది అంటాం గాని నిజానికి అది విడిపోయింది. ఉప్పురాయిలో సోడియం, క్లోరిన్ అనే రెండు మూలకాలు ఒకదాన్నొకటి పట్టుకొని వరుసలు కట్టి ఉంటాయి. నీళ్ళు తగిలేసరికి ఆ పట్టు వదిలిపోతుంది. సోడియం ధనావేశంతోనూ, క్లోరిన్ ఋణావేశంతో క్లోరైడుగానూ వేరువేరుగా తిరగడం మొదలుపెడతాయి. ఇలా విద్యుదావేశం ఉన్న కణాలనే అయాన్లు అంటారు. అయాన్లుగా విడిపోయే లవణాలను ఎలక్ట్రొలైట్లు అంటారు. డాక్టరుగారు "ఎలక్ట్రొలైట్లు పరీక్ష చేయించండి" అని చీటీ రాస్తే ఆయన తెలుసుకోగోరేది మీ రక్తంలోని ఈ అయాన్ల సంగతే.

హైస్కూలులో సైన్సు మాస్టారు చేసి చూపే ప్రయోగం చాలామందికి గుర్తుండే ఉంటుంది. శుద్ధమైన నీటిలో రెండు తీగలు ముంచితే దీపం వెలగదు. చక్కెర నీళ్ళలోనూ వెలగదు. ఉప్పు నీళ్ళలో ముంచితే వెలుగుతుంది. విద్యుత్తును నీటిలో ఒక తీగ నుంచి మరొక తీగకు మోసేది అయాన్లే. చక్కెర అణువులు అయాన్లుగా విడిపోవు కాబట్టి వాటికి ఆ శక్తి లేదు.

ఈ విషయాన్ని మొదట గట్టిగా చెప్పినవాడు స్వీడన్ దేశపు అర్హీనియస్. 1884లో ఆయన డాక్టరేటు కోసం ఈ వాదం సమర్పిస్తే పరీక్షకులు పెదవి విరిచి, అత్తెసరు మార్కులతో గట్టెక్కించారు. 1903లో అదే పనికి నోబెల్ బహుమతి వచ్చింది. పరీక్షలలో మార్కులు తక్కువ వచ్చాయని దిగులుపడే అశోక్‌నగర్ కుర్రాళ్ళకు ఈ కథ పనికొస్తుంది!

విడిపోయాయి కదా అని అయాన్లు ఒంటరిగా తిరుగుతాయనుకోకండి. నీటి అణువుకు ఒక కొస కొంచెం ఋణం, మరొక కొస కొంచెం ధనం. అందుకని ప్రతి అయాను చుట్టూ నీటి అణువులు తమ అనుకూలమైన కొసను దానివైపు తిప్పి మూగుతాయి. అయాను ఎక్కడికి పోతే అవీ దాని వెంటే. ఇక్కడొక తమాషా ఉంది. సోడియం అయాను పొటాషియం అయాను కంటే చిన్నది. చిన్నది కాబట్టే నీళ్ళను దగ్గరగా, గట్టిగా పట్టుకుంటుంది. తడిసిన కంబళి కప్పుకొని నడిచే మనిషిలా, నీళ్ళలో పొటాషియం కంటే నెమ్మదిగా సాగుతుంది.

ఇక అయాన్లు ఒకదానితో ఒకటి ఎలా మెలగుతాయి? ఆర్.టి.సి. క్రాస్ రోడ్స్ దగ్గర కొత్త సినిమా మొదటి ఆట వదిలినప్పటి జనాన్ని ఊహించుకోండి. ఎవరి దారిన వారు పోతున్నట్టే ఉంటుంది. కాని ప్రతి తండ్రి చుట్టూ అతని పిల్లలు, ప్రతి పిల్లవాడి పక్కన ఎవరో ఒక పెద్ద. అలాగే ద్రావణంలో ప్రతి ధన అయాను చుట్టూ ఋణ అయాన్లు కాస్త ఎక్కువగానూ, ప్రతి ఋణ అయాను చుట్టూ ధన అయాన్లు కాస్త ఎక్కువగానూ మసలుతుంటాయి. ఈ మూక వల్ల ఏ అయానుకూ పూర్తి స్వేచ్ఛ ఉండదు. 1923లో డిబై, హ్యూకెల్ అనే ఇద్దరు దీనికి లెక్క కట్టారు. మన రక్తంలో ఉన్నంత చిక్కదనం గల ఉప్పునీటిలో నూరు అయాన్లుంటే అవి దాదాపు డెబ్బై అయిదింటిలా మాత్రమే ప్రవర్తిస్తాయి. గుంపులో చేతులు ఆడించడానికి చోటులేనట్టే.

ఇదంతా కాలేజీ పాఠంలా ఉందని విసుక్కోకండి. జ్ఞాపకం పెట్టుకోవలసినవి రెండే సంగతులు. ఒకటి, ధన అయాన్లు ఎటు పోతే ఋణ అయాన్లు అటు పోతాయి. ఆవేశాల పద్దు ఎప్పుడూ సరిపోవాలి. రెండు, కణాలు ఎటువైపు ఎక్కువగా ఉంటే నీళ్ళు అటు పోతాయి. కలరాలో మనిషి ప్రాణం పోయేదీ ఈ రెండు సూత్రాల వల్లే, తిరిగి నిలిచేదీ వీటివల్లే.

భోలక్‌పూర్ సంగతి

2009 మే నెల మొదటివారంలో ముషీరాబాద్ పక్కనే ఉన్న భోలక్‌పూర్‌లో తాగునీటి గొట్టాలలో మురుగునీరు కలిసింది. ఒక్కసారిగా ఇంటింటా వాంతులు, విరేచనాలు. వందల మంది ఆసుపత్రుల పాలయ్యారు. కొందరి ప్రాణాలు పోయాయి. ఆ రోజులలో గాంధీ ఆసుపత్రికీ, నల్లకుంట ఫీవరాసుపత్రికీ తరలించిన రోగులను తలుచుకుంటే ఇప్పటికీ ఆ బస్తీలో పెద్దవాళ్ళ ముఖాలు వాడిపోతాయి. ఫీవరాసుపత్రిని పాత కాలం వాళ్ళు ఇప్పటికీ "కోరంటి దవాఖానా" అంటారు. క్వారంటైన్ అనే మాటే నోట్లో నలిగి కోరంటి అయింది.

మురుగునీటితో వచ్చే ఇటువంటి జబ్బులలో అతి భయంకరమైనది కలరా. కలరా క్రిమి పేగు గోడను కొరికి తినదు. ఒక విషాన్ని వదులుతుంది. ఆ విషాన్ని 1959లో కలకత్తాలో కనిపెట్టినవాడు మన దేశస్థుడే, డాక్టర్ శంభునాథ్ డే. పేగులోని కణాలకు క్లోరైడు అయాన్లను బయటికి వదిలే చిన్న గేట్లున్నాయి. మామూలుగా అవి అవసరాన్ని బట్టి తెరుచుకొని, మూసుకుంటాయి. ఈ విషం ఆ గేట్లు మూసుకోకుండా పట్టుకుంటుంది. క్లోరైడు అయాన్లు వరదలా పేగులోకి పోతాయి. ఋణం పోయాక ధనం ఆగుతుందా? పద్దు సరిపెట్టడానికి సోడియం వెంటపడుతుంది. కణాలు అటు పోయేసరికి నీళ్ళూ అటే. బియ్యం కడిగిన నీళ్ళలాంటి విరేచనం అదే. తీవ్రమైన కలరాలో పెద్దమనిషికి గంటకు లీటరు వరకూ పోవచ్చు. పొద్దున ఆరోగ్యంగా ఉన్న మనిషి సాయంత్రానికి పీనుగయ్యేది ఇలా.

పోయేది ఉప్పు, నీళ్ళే కాదు. పొటాషియం పోతుంది, కాళ్ళు పీక్కుపోతాయి, పొట్ట ఉబ్బుతుంది, గుండె తడబడుతుంది. బైకార్బొనేటు పోతుంది, రక్తంలో ఆమ్లం పెరిగి రోగి గసపెడతాడు. మామూలు విరేచనాలలోనూ జరిగేది ఇదే, కాకపోతే మెల్లగా.

ఇంత పోతుంటే నోటితో నీళ్ళు పోస్తే నిలుస్తాయా అని ప్రపంచమంతటా డాక్టర్లు చాలాకాలం సందేహించారు. ఒట్టి ఉప్పునీళ్ళు తాగిస్తే నిజంగానే నిలవలేదు. సూదితో నరంలోకి సెలైను ఎక్కించడం ఒక్కటే దారి అనుకున్నారు. అప్పుడు చక్కెర కథలోకి వచ్చింది.

1960లో రాబర్ట్ క్రేన్ అనే శాస్త్రవేత్త ప్రాగ్ నగరంలో జరిగిన ఒక సభలో ఒక సంగతి చెప్పాడు. పేగు గోడలో మరొక రకం ద్వారం ఉంది. సోడియం, గ్లూకోజు జంటగా వస్తేనే అది లోపలికి వదులుతుంది. (సరిగా చెప్పాలంటే రెండు సోడియం అయాన్లకు ఒక గ్లూకోజు అణువు.) విడిగా వస్తే కదలదు. బ్యాంకు లాకరులా రెండు తాళంచెవులూ కావాలన్నమాట. మన అదృష్టం ఏమిటంటే, కలరా విషం క్లోరైడు గేట్లను పాడుచేసినా ఈ ద్వారం జోలికి పోదు. కాబట్టి ఉప్పూ, గ్లూకోజూ తగిన పాళ్ళలో కలిపి తాగిస్తే, ఒక పక్క విరేచనం అవుతూనే ఉన్నా మరో పక్క సోడియం లోపలికి పోతుంది. దాని వెనక క్లోరైడు, ఆ వెనక నీళ్ళు. 1968లో ఢాకాలో డాక్టర్లు నాలిన్, కాష్ రోగుల మీద దీన్ని నిరూపించారు.

1971లో బంగ్లాదేశ్ యుద్ధం. సరిహద్దు దాటి వచ్చిన కాందిశీకులు బన్‌గావ్ శిబిరంలో కలరాతో రాలిపోతున్నారు. సెలైను సీసాలు అయిపోవచ్చాయి. అక్కడ పనిచేస్తున్న డాక్టర్ దిలీప్ మహలనబిస్, ఉప్పూ గ్లూకోజూ పొట్లాలు కట్టించి, నీళ్ళలో కలిపి, రోగుల బంధువుల చేతే తాగించారు. మరణాలు నూటికి ముప్ఫై దాకా ఉన్నవి నాలుగు లోపుకు దిగాయి. 1978లో లాన్సెట్ పత్రిక, ఆ సోడియం గ్లూకోజుల జంటను కనుక్కోవడం ఈ శతాబ్దపు వైద్యంలో బహుశా అతి ముఖ్యమైన ముందడుగని రాసింది. ఆయన 2022లో కన్నుమూశారు. ఆ మరుసటి ఏడు పద్మవిభూషణ్ ప్రకటించారు. కాస్త ముందే ఇచ్చి ఉంటే బాగుండేది.

ప్యాకెట్‌లోని పద్దు

ఇప్పుడు మన ప్యాకెట్ విప్పి చూద్దాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్ 2002 నుంచి సిఫారసు చేస్తున్న పొడిలో ఉప్పు 2.6 గ్రాములు, గ్లూకోజు 13.5 గ్రాములు, పొటాషియం క్లోరైడు 1.5 గ్రాములు, సోడియం సిట్రేటు 2.9 గ్రాములు ఉంటాయి. వెరసి 20.5 గ్రాములు. ఇది సరిగ్గా ఒక లీటరు నీటికి. ఆ సిట్రేటు ఒంట్లోకి వెళ్ళాక బైకార్బొనేటుగా మారి ఆమ్లాన్ని విరుస్తుంది.

కలిపాక అయాన్ల లెక్క ఇలా ఉంటుంది. (ఇవి మిల్లీమోళ్ళు, బరువుల లెక్కకు బదులు తలల లెక్క అనుకోండి.) ధనం వైపు సోడియం 75, పొటాషియం 20, మొత్తం 95. ఋణం వైపు క్లోరైడు 65, సిట్రేటు 10, ఒక్కొక్క సిట్రేటుకు మూడు ఆవేశాలు కాబట్టి అవి 30, మొత్తం 95. కిరాణా కొట్టు శేటు రాసుకున్న చిట్టాలా అణాపైసలతో సరిపోయింది చూడండి. దీనికి గ్లూకోజు 75 చేర్చి తలలన్నీ లెక్కపెడితే 245. మన రక్తంలో ఈ లెక్క సుమారు 290. పేగులో ఉన్న నీళ్ళు రక్తం కంటే కాస్త పలచన. కాబట్టి నీళ్ళు పేగు నుంచి రక్తంలోకి పోతాయి. కావలసింది అదే. 2002కు ముందున్న పాత పొడిలో ఈ లెక్క 311. అప్పటికీ అది లక్షల ప్రాణాలు కాపాడింది. పలచన చేశాక విరేచనం, వాంతులు ఇంకా తగ్గాయని, సెలైను అవసరం కూడా తగ్గిందని తేలడంతో మార్చారు.

ఇప్పుడా తల్లి కలిపిన గ్లాసు సంగతి. లీటరు పొడిని 200 మిల్లీలీటర్ల నీళ్ళలో కలిపితే చిక్కదనం అయిదు రెట్లు. 245 కాస్తా 1,225 అవుతుంది, అంటే రక్తం కంటే నాలుగు రెట్లు. నీళ్ళు ఎటు పోతాయో మీరే చెప్పగలరు. రక్తంలోంచి పేగులోకి వస్తాయి. విరేచనం పెరుగుతుంది. పైగా సోడియం రక్తంలోకి చేరి, కణాలలోంచి నీళ్ళను బయటికి లాగుతుంది. కణాలలో మెదడు కణాలూ ఉన్నాయి. అందుకే పిల్లవాడు ముట్టుకుంటే ఉలిక్కిపడ్డాడు. అందుకే అంత దాహం. ఇంకాస్త ఆలస్యమయితే ఫిట్సు వచ్చేవి. అలాగని సోడియాన్ని ఒక్క పూటలో దించెయ్యడానికీ వీల్లేదు. ఎండిన కణాలలోకి నీళ్ళు ఒక్కసారిగా దూసుకుపోతే మెదడు వాస్తుంది. పెద్దాసుపత్రిలో రెండు రోజులు పట్టడానికి కారణం అదే.

దీనికి తిరుగు తప్పు కూడా చూస్తుంటాం. మన షాపులలో రెండు సైజుల ప్యాకెట్లు దొరుకుతాయి. ఒకటి సుమారు 21 గ్రాములది, లీటరుకు. ఇంకొకటి సుమారు 4 గ్రాముల చిన్నది, 200 మిల్లీలీటర్ల గ్లాసుకు. చిన్నదాన్ని తెచ్చి లీటరు నీళ్ళలో కలిపితే సోడియం 75కు బదులు 15. అది దాదాపు ఒట్టి నీళ్ళే. కాబట్టి షాపులో "ఓ.ఆర్.ఎస్. ఒకటివ్వండి" అని ఊరుకోకండి. ఎన్ని నీళ్ళకు అని అడగండి. చదువు రాని అమ్మలకు షాపువాళ్ళే పెన్నుతో "గ్లాసు" అనో "లీటరు" అనో రాసిస్తే ఎంత పుణ్యం!

పెద్ద ప్యాకెట్ చింపి, చెంచా పొడి కప్పులో, చెంచా పొడి సీసాలో కలపడం కూడా పనికిరాదు. ప్యాకెట్‌లో నాలుగు రకాల పొడులున్నాయి. ఏ చెంచాలో ఏది ఎంత పడుతుందో తెలియదు. ఒకేసారి మొత్తం కలపండి. లీటరు కొలతకు కొత్తగా కొన్న మంచినీళ్ళ సీసా చక్కగా ఉపయోగపడుతుంది. కాచి చల్లార్చిన నీళ్ళు వాడండి. కలిపాక మళ్ళీ కాచకండి. రుచి కోసం ఇంకో చెంచా చక్కెరా, ఇంత నిమ్మరసమూ, ఇంత ఉప్పూ వెయ్యకండి. సరిగ్గా కలిపిన ఓ.ఆర్.ఎస్. కన్నీళ్ళకంటే ఎక్కువ ఉప్పగా ఉండకూడదని పూర్వం నుంచి తల్లులకు చెప్పే గుర్తు.

ఎంత తాగించాలి? రెండేళ్ళ లోపు పిల్లలకు ప్రతి విరేచనం తరువాత 50 నుంచి 100 మిల్లీలీటర్లు, అంటే పావు గ్లాసు నుంచి అరగ్లాసు. రెండు నుంచి పదేళ్ళ వారికి అరగ్లాసు నుంచి గ్లాసు. పెద్దవాళ్ళు తాగగలిగినంత. పాలసీసాతో పట్టకండి, చెంచాతో పట్టండి. వాంతి అయితే భయపడి మానెయ్యకండి. పది నిమిషాలు ఆగి, రెండు మూడు నిమిషాలకొక చెంచా చొప్పున మళ్ళీ మొదలుపెట్టండి. గటగటా తాగించిన గ్లాసు కక్కేస్తారుగాని, చెంచాలతో పోసిన గ్లాసు చాలావరకు నిలుస్తుంది.

"నీళ్ళు తాపితే ఇంకా పోతది, కడుపు మాడితె అదే కట్టుకుంటది" అనే నాయనమ్మలు ఇప్పటికీ ఉన్నారు. వాళ్ళ మీద గౌరవం ఉంచుకొని, ఈ ఒక్క విషయంలో వాళ్ళ మాట వినకండి. ఓ.ఆర్.ఎస్. విరేచనాన్ని కట్టే మందు కాదు. అది పోయినదాన్ని తిరిగి నింపుతుంది. విరేచనం రెండు మూడు రోజులు ఉండి తనంతట తను తగ్గుతుంది. ఆ లోపల తల్లిపాలు మానకూడదు, అన్నం మానకూడదు. పప్పన్నం, పెరుగన్నం, ఇడ్లీ, అరటిపండు, ఏదైనా పెట్టవచ్చు. జింకు బిళ్ళ డాక్టరు చెప్పిన ప్రకారం పది నుంచి పద్నాలుగు రోజులు వెయ్యాలి; ఆరు నెలల లోపు వారికి రోజుకు 10 మిల్లీగ్రాములు, ఆపై వారికి 20. విరేచనాలు ఆగాయి కదా అని మధ్యలో ఆపకండి.

ప్యాకెట్ లేని వేళ ఏం చేయాలి? లీటరు నీళ్ళకు తలకొట్టిన టీ చెంచాలు ఆరు చక్కెర, తలకొట్టిన అర చెంచా ఉప్పు. గోపురంలా పోసిన చెంచా కాదు సుమా. ఉప్పు వేసిన పలచని గంజి బంగారం. అందులోని పిండిపదార్థం పేగులో మెల్లగా గ్లూకోజుగా మారి సోడియాన్ని వెంటబెట్టుకుపోతుంది. ఉప్పు వేసిన మజ్జిగా మంచిదే. కొబ్బరినీళ్ళు మంచివే కాని వాటిలో పొటాషియం ఎక్కువ, సోడియం బహు తక్కువ. వాటి మీదే ఆధారపడకూడదు. సోడాలు, కూల్‌డ్రింకుల్లో చక్కెర చిక్కదనం ఎక్కువ, ఉప్పు దాదాపు సున్న. అవి తల్లి కలిపిన ఆ చిక్కటి గ్లాసుకు చెల్లెళ్ళు. నీళ్ళను పేగులోకే లాగుతాయి. ఒట్టి గ్లూకోజు పొడిలో ఒక తాళంచెవే ఉంది.

అట్టపెట్టెలలో, రంగురంగుల బొమ్మలతో, పేరులో ఓ.ఆర్.ఎస్. అక్షరాలు తగిలించుకొని వచ్చిన తీపి పానీయాల వల్ల కూడా ఎందరో పిల్లలు ఇబ్బంది పడ్డారు. వీటి మీద హైదరాబాదులోని పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ ఏళ్ళ తరబడి ఒంటిచేత్తో పోరాడారు. తెలంగాణ హైకోర్టు దాకా వెళ్ళారు. 2025 అక్టోబరులో దేశ ఆహార భద్రతా సంస్థ, సరైన ఫార్ములా లేని పానీయాల మీద ఆ మూడక్షరాలు వాడరాదని ఆజ్ఞ ఇచ్చింది. మందుల షాపులోనైనా సరే, ప్యాకెట్ మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములా అన్న మాట ఉందో లేదో చూసి కొనండి.

"ఎందుకు సార్ ఈ చెంచాల గొడవ, ఒక సెలైను ఎక్కించెయ్యండి" అనేవాళ్ళకొక మాట. మామూలు సెలైను సీసాలో సోడియం 154, క్లోరైడు 154. అంతే. పొటాషియం లేదు, గ్లూకోజు లేదు, ఆమ్లాన్ని విరిచేది లేదు. మగతగా పడి తాగలేని రోగికి సూదిమందుగా పోసే ద్రవాలే ప్రాణదానం. కూర్చుని తాగగలిగిన వాడికి పావలా ఖర్చుకు రూపాయి సూది ఎందుకు?

ఇంట్లో ఉంచుకోకూడని సందర్భాలు ఉన్నాయి. పిల్లవాడు మగతగా ఉన్నా, తాగలేకపోయినా, తాగినదల్లా వాంతి అయిపోతున్నా, విరేచనంలో రక్తం పడినా, ఆరు గంటలుగా మూత్రం రాకపోయినా, పొట్ట మీద చర్మం పట్టి వదిలితే ముడత మెల్లగా పోతున్నా, ఫిట్సు వచ్చినా, రాత్రి అని చూడకుండా ఆసుపత్రికి వెళ్ళండి. ముషీరాబాద్ పాత జైలు స్థలంలో ఉన్న గాంధీ ఆసుపత్రి ఈ చుట్టుపక్కల వారందరికీ దగ్గరే. దారిలో కూడా చెంచాతో పడుతూనే ఉండండి. ఒకే గల్లీలో నాలుగు ఇళ్ళలో విరేచనాలు మొదలయితే కుళాయి నీటిని అనుమానించి, వెంటనే అధికారులకు చెప్పి పరీక్ష చేయించాలి. అటువంటి పరీక్షలు చేసే ఐ.పి.ఎం. మన నారాయణగూడలోనే ఉంది.

పెద్దవాళ్ళ గురించి రెండు ముక్కలు. బి.పి.కి మూత్రం ఎక్కువయ్యే బిళ్ళలు వేసుకుంటూ, ఉప్పు బాగా తగ్గించి, ఎండాకాలం కదా అని బిందెల కొద్దీ మంచినీళ్ళు తాగే పెన్షనరు తాతగార్లకు సోడియం పడిపోతుంది. 135 నుంచి 145 మధ్య ఉండవలసింది 120లోకి దిగితే మాట తడబడుతుంది, మనుషులను పోల్చుకోలేరు. ఇంట్లోవాళ్ళు వయసు వల్ల వచ్చిన మతిమరుపు అనుకుంటారు. రాత్రికి రాత్రి వచ్చిన మతిమరుపు మతిమరుపు కాదు. రక్తపరీక్ష చేయించండి. అంతేగాని మీ అంతట మీరు ఓ.ఆర్.ఎస్. గ్లాసులు పోయకండి. గుండెజబ్బు, మూత్రపిండాల జబ్బు ఉన్నవారికి అందులోని సోడియం, పొటాషియం రెండూ ప్రమాదమే. ఏ జబ్బూ లేని పడుచువాళ్ళు కూడా దీన్ని ఎండకు షర్బతులా రోజూ తాగనక్కరలేదు. చెమటకు మజ్జిగ చాలు.

కలిపిన ఓ.ఆర్.ఎస్. మూతపెట్టి 24 గంటలు వాడవచ్చు. ఆ తరువాత మిగిలింది పారబోసి కొత్త ప్యాకెట్ కలపండి. పారబోసేది మాత్రం తులసికోటలో వద్దు. ఆ ఉప్పు తులసికి పడదు.